ఆరు వందల రేకులూ, ఒక జత షాకబ్జర్లూ

మోటార్ సైకిల్ వెనక చక్రానికి చెరో వైపునా ఉండే స్ప్రింగు గొట్టాలని మా వైపు షాకబ్జర్లనే అంటారు. వాటి గురించి నాకు తెలిసినంత మా ఆత్రేయపురంలో ఏ ఆడదానికీ తెలియదని ధైర్యంగా చెప్పగలను. చాలామంది మగవాళ్ళకీ తెలియదు. గొప్పలు పోతున్నాననుకుంటే అనుకోండి. పూతరేకులు తీసే చేతులతో షాకబ్జర్ బిగించినదాన్ని ఇంకొకర్ని చూపించండి, అప్పుడు నోరు మూసుకుంటాను.

పుట్టింది రాజోలు. పెళ్ళయి ఆత్రేయపురం వచ్చాక మూడో నెలలోనే మా అత్తయ్యగారు నన్ను రేకుల కుండ ముందు కూర్చోబెట్టారు. బోర్లించిన కుండ, దాని కడుపులో ఎండు కొబ్బరాకు మంట, పక్కన పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో నానుతున్న గుడ్డ. ఆ గుడ్డ ఇలా పరిచి అలా లాగితే కుండ మీద పొర కట్టి రేకు లేవాలి. మొదటి నెల వేళ్ళు కాలాయి, రేకులు చిరిగాయి, అత్తయ్యగారి చేత చీవాట్లు తిన్నాను. రెండో ఏడు వచ్చేసరికి నా రేకు వెనక పేపరు పెడితే అక్షరాలు చదవొచ్చు. ఆ మాట కూడా అత్తయ్యగారే అన్నారు, నేను కాదు.

మా ఆయనది కొబ్బరికాయల బేరం. తోటల్లో కాయలు కొని, మోటార్ సైకిల్ మీద రెండు గోతాలు వేలాడదీసి, రావులపాలెంలో వర్తకులకి వేసేవారు. బండి పాతదే కొన్నాం. ఆయన మాట తక్కువ మనిషి. ఇంట్లో మాటలన్నీ నావీ అత్తయ్యగారివీ కాబట్టి ఆయనకి మిగిలేవీ తక్కువే.

ఆయనకో అలవాటుండేది. మేమిద్దరం ఎక్కడికి బయల్దేరినా, నేను చీర కట్టుకుని గడప దిగి నిలబడ్డాక, అప్పుడు ఆయన బండి వెనక గొంతుక్కూర్చునేవారు. కొక్కెంలా వంగిన ఒక పానా తీసి అటొకసారి ఇటొకసారి ఏదో తిప్పేవారు. సినిమాకైనా అంతే, పేరంటానికైనా అంతే.

"ఏవండీ, ఆట మొదలైపోద్ది. రాత్రి చూసుకోకూడదా ఆ బండిని?" అని సాధించేదాన్ని.

"ఆయ్, అయిపోయింది," అనేవారు. అయ్యేది కాదు. ఇంకో రెండు నిమిషాలు పట్టేది. ఆయన లేచేసరికి నా పూలు వాడిపోయినంత కోపం వచ్చేది నాకు. కొన్నేళ్ళు సాధించగా సాధించగా చివరికి మానేశారు. నా మాట నెగ్గిందని సంతోషించాను.

ఇక అసలు సంగతికి వస్తాను. రాజోలులో నాకో స్నేహితురాలుంది. ఆరో తరగతి నుంచీ ఒకే బెంచీ. తన కూతురి నిశ్చయతాంబూలాలకి పూతరేకులు నా చేతివే కావాలని కబురు పెట్టింది. అయితే ఒక పట్టింపు. వాళ్ళింటి గేదెనెయ్యితో, వాళ్ళింటి బెల్లంతో, వాళ్ళింట్లో కూర్చునే చుట్టాలి. అంటే నేను పొడి రేకులు మోసుకెళ్ళాలి. చుట్టిన పూతరేకు నెయ్యి తాగి మెత్తబడుతుంది, ప్రయాణానికి తట్టుకుంటుంది. పొడి రేకు అలా కాదు, పక్కన గట్టిగా తుమ్మినా విరిగిపోతుంది.

బస్సులో తీసుకెళ్దామంటే, డబ్బాని పైన వేస్తామంటారు, లేదా దాని మీద ఇంకొకరు కూర్చుంటారు. అందుకని బండి మీదే వెళ్ళాం. పెద్ద తగరపు డబ్బాలో అడుగున గుడ్డ పరిచి, రేకులు దొంతర్లుగా పేర్చి, బండి వెనక క్యారేజీకి కట్టాం. దారంతా బండి ఊయల ఊగినట్టు ఊగింది. అప్పుడు నాకేం తెలుసు? మెత్తగా పోతోందని మురిసిపోయాను కూడా.

రాజోలులో మగపెళ్ళివారి ఎదురుగా మూత తీశాను. అంచులన్నీ అరిగి, పొడి రాలి, డబ్బా అడుగున బెత్తెడు ఎత్తు నూక. పెళ్ళికొడుకు మేనత్తగారు తొంగిచూసి, "ఇవి పూతరేకులాండీ, నిన్నటి అప్పడాలాండీ?" అన్నారు. నవ్వుతూనే అన్నారు. అందరూ నవ్వారు. మా స్నేహితురాలు మాత్రం నవ్వలేదు, నన్ను ఒక్క మాటా అనలేదు. స్నేహితురాలి అత్తగారు బజారుకి మనిషిని పంపి లడ్డూలు తెప్పించారు. నన్నెవరైనా తిడితే తిరిగి తిట్టగలను. ఏమీ అనకుండా ఊరుకుంటే ఏం చెయ్యను? తిరిగి వచ్చేటప్పుడు దారంతా ఏడ్చాను.

ఆరు నెలలకి పెళ్ళి ముహూర్తం కుదిరింది. ఈసారి తనే బస్సెక్కి మా ఇంటికొచ్చింది. అత్తయ్యగారిచ్చిన మజ్జిగ గ్లాసు చేతిలో పట్టుకుని, తాగకుండా చెప్పింది.

"సారెలో నీ రేకులే పెడతాను, చుట్టడం మళ్ళీ మా ఇంట్లోనే. మా అత్తగారు వద్దన్నారు. కొట్లో కొనుక్కుందాం అన్నారు. నేనే పంతం పట్టి ఒప్పించేను."

సారె అంటే మా వైపు ఆషామాషీ కాదు. పిల్లని కాపురానికి పంపుతూ గంపలకి గంపలు మిఠాయిలు పంపుతారు. అవతల అత్తవారు వాటిని ఇంటింటికీ పంచుతారు. పిల్ల ఆ వీధిలో ఎవరికీ ముఖం తెలియకముందే సారె తెలుస్తుంది. అందులో విరిగిన పూతరేకులు వెళ్తే ఆ మాట ఏళ్ళ తరబడి ఆ పిల్లకి వినపడుతూనే ఉంటుంది.

"ఈసారి కూడా విరిగేయంటే మా అత్తగారి ముందు నేను తలెత్తుకోలేనే," అంది.

"ఒక్క రేకు విరిగితే నన్నడుగు," అన్నాను. ఆరు వందల రేకులు ఒప్పుకున్నాను. తను మజ్జిగ తాగి వెళ్ళిపోయింది. అత్తయ్యగారు నా వంక చూసి, "నీ నోరు ఆత్రేయపురం దాటి రాజోలు దాకా వెళ్ళింది కానమ్మా, రేకులెలా వెళ్తాయి?" అన్నారు.

ఆ మధ్యాహ్నమే మా ఆయన బండిని నీడలోకి తోసి నన్ను పిలిచారు. ఎడమవైపు షాకబ్జర్ గొట్టం మీద నూనె కారి, దాని మీద దుమ్ము పేరుకుని నల్లటి ముద్దలా ఉంది. సీటు మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కి వదిలారు. బండి దిగింది, లేచింది, మళ్ళీ దిగింది, మళ్ళీ లేచింది.

"లోపల నూనె పోయింది. స్ప్రింగుని ఆపేది ఆ నూనే. అది లేపోతే ఇదిగో, ఇలాగే ఊగుద్ది," అన్నారు. ఆరు నెలల కిందటి అంచుల అరుగుడు నాకప్పుడు అర్థమయింది. దారి పొడుగునా రేకులు ఒకదాన్నొకటి రాసుకుంటూ వెళ్ళాయన్నమాట.

రావులపాలెంలో సామాన్ల కొట్టతను ఒకటి మారిస్తే చాలన్నాడు. కుడివైపుది బాగానే ఉందిగా అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "ఒక కాలికి కొత్త చెప్పు, ఒక కాలికి పాత చెప్పు వేసుకుని నడుస్తావా బాబూ నువ్వు?" అన్నాను. జతే తెచ్చాం. తర్వాత తెలిసింది, ఆ విషయంలో నేను అన్నది నూటికి నూరుపాళ్ళూ సరైనదేనని. ఇలాంటివి ఎన్నో అన్నాను ఆ వారంలో. అన్నీ సరైనవి కావు.

మెకానిక్కి ఇవ్వనివ్వలేదు. మా ఇంటి ముందే, నా కళ్ళ ముందే జరగాలన్నాను. మా ఆయన బండిని సెంటర్ స్టాండు వేసి, చక్రం కింద చెక్కముక్క తోశారు. ముందు రోజే బోల్టులకి కిరసనాయిలు పట్టించి ఉంచారు. అయినా ఎడమవైపు కింది బోల్టు మొండికేసింది. పానాకి ఇనప గొట్టం తొడిగి, కాలుతో తొక్కితే కానీ కదల్లేదు. రెండు వైపులా ఒకేసారి విప్పకూడదు. ఒకవైపు విప్పి కొత్తది ఎక్కించాకే రెండోవైపు జోలికి వెళ్ళాలి. లేకపోతే చక్రం కిందికి జారిపోయి, మళ్ళీ కన్నాలు కలపడానికి తలప్రాణం తోకకొస్తుంది.

ఎడమది ఆయన బిగిస్తుంటే చూశాను. కుడిది నేను బిగించాను. పై కన్నంలో రబ్బరు బుష్ దూరనంటే సబ్బునీళ్ళు రాశాను, జారింది. కింది కన్నం గోరంత పక్కకి ఉంటే ఆయన చక్రాన్ని కాస్త ఎత్తి పట్టుకున్నారు, నేను బోల్టు తోశాను. వాషరు పెట్టి, నట్టు తిప్పి, శక్తికొద్దీ బిగించబోతే ఆపారు.

"ఇప్పుడే వద్దు. చేత్తో తిరిగినంతే చాలు. బండి కిందికి దింపి, మనిద్దరం ఎక్కి, రెండుసార్లు ఊపి, అప్పుడు బిగించాలి. రబ్బరు బరువులో కుదురుకోవాలి."

అలాగే చేశాం. వీధిలో జనం చూస్తుండగా, కదలని బండి మీద మొగుడూ పెళ్ళాం ఎక్కి ఊగాం. ఎదురింటావిడ మూడు రోజులు నవ్వింది.

బిగింపు అయ్యాక అసలు పని మొదలయింది. స్ప్రింగు అడుగున ఒక కడియం ఉంటుంది. దానికి ఐదు మెట్లు. కొక్కెం పానాతో తిప్పితే కడియం టక్కుమని ఒక్కో మెట్టు ఎక్కుతుంది, స్ప్రింగు బిగుస్తుంది. వెనక్కి తిప్పితే వదులవుతుంది. రెండు వైపులా ఒకే మెట్టు మీద ఉండాలి. ఏళ్ళ తరబడి ఆయన గొంతుక్కూర్చుని కెలికింది ఈ కడియాన్నేనని అప్పుడు చూశాను. పాతవాటి కడియాలు తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. ఏడాదిగా తిరగడం లేదుట. ఓహో అనుకున్నాను. అంతకు మించి ఆలోచించలేదు.

"రెండో మెట్టు మీద పెట్టి చూద్దామా?" అన్నారు ఆయన.

"వద్దు. ఐదు పెట్టండి. క్రితంసారి ఊగబట్టే కదా విరిగాయి? గట్టిగా ఉంటే ఊగదు," అన్నాను.

"అది కాదే. డబ్బా చూడ్డానికంతుంది గానీ..."

"ఏవండీ, రేకులు తీసేది మీరా నేనా?"

"ఆయ్. నీ ఇష్టం," అన్నారు.

పరీక్షకని వంద రేకులు ప్రత్యేకం తీశాను. డబ్బాలో పేర్చి, కాలవగట్టు మీద లొల్ల లాకుల దాకా వెళ్ళి వచ్చాం. మూత తీస్తే సగానికి సగం నడిమికి విరిగి ఉన్నాయి. అంచులు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. నాకు వెంటనే తెలిసిపోయింది. అంచు అరిగితే బండి ఊగుతున్నట్టు, నడుం విరిగితే బండి ఎగరేస్తున్నట్టు. గొయ్యి తగిలినప్పుడల్లా డబ్బాలో రేకులు గాల్లోకి లేచి కిందపడ్డాయి. విరిగిన రేకులు అలా చదవడం నాకు ఎవరూ నేర్పలేదు. ఇప్పటికీ దానికి నన్ను నేను మెచ్చుకుంటాను.

మర్నాడు మొదటి మెట్టు మీద పెట్టించాను. ఈసారి లొల్ల దగ్గర వంతెన దిగుతుంటే బండి వెనకభాగం దబ్బున కూలబడింది. పై రేకులు బాగున్నాయి, అడుగు రేకులు నలిగిపోయాయి. ఆ మూడు రోజులూ మా ఇంట్లో టిఫిను లేదు. విరిగిన రేకుల మీద పాలూ పంచదారా వేసుకుని తిన్నాం. మూడో రోజు పొద్దున అత్తయ్యగారు గిన్నె వంక చూసి, "ఇవాళైనా బండి కుదిరితే ఉప్మా చేసుకుందామమ్మా," అన్నారు.

ఇలా గుడ్డిగా కాదని కుట్టుమిషను సొరుగులోంచి టేపు తీశాను. చక్రం ఇరుసు నుంచి సీటు కింది అంచు దాకా కొలత. బండి ఖాళీగా ఉన్నప్పుడు ఎంత, మేమిద్దరం డబ్బాతో ఎక్కినప్పుడు ఎంత దిగింది. మేమిద్దరం పైన ఉంటే కొలిచేదెవరు? అత్తయ్యగారు కళ్ళజోడు పెట్టుకుని, చక్రం పక్కన పీట వేసుక్కూర్చుని, టేపు పట్టుకుని చదివారు. "కదలకండర్రా! అంకెలు కనపడ్డంలేదు," అని ఒకటే కేకలు. మూడో మెట్టు మీద రెండు వేళ్ళంత దిగింది. కూలబడలేదు, బిర్రబిగుసుకోనూలేదు. ఇదే సరైనదని తేల్చేశాను.

మూడో మెట్టు మీద లొల్ల వెళ్ళి వస్తే వందకి పద్దెనిమిది విరిగాయి. చక్రాల్లో గాలి కాస్త తగ్గించి వెళ్తే పదిహేను. అక్కడి నుంచి ఒక్కటీ తగ్గలేదు. అది లొల్ల దాకా. రాజోలు దానికి ఎన్ని రెట్ల దూరం! పైకి మాత్రం, "ఇంకో రెండొందలు ఎక్కువ తీసుకెళ్తే సరి," అన్నాను. లోపల బెంగ పట్టుకుంది. రెండొందలు ఎక్కువ తీసుకెళ్ళినా డబ్బా మూత తియ్యగానే వాళ్ళ అత్తగారికి మొదట కనిపించేవి ముక్కలే. మా స్నేహితురాలి ముఖం మళ్ళీ అలా చూడలేను.

బయల్దేరే రోజు తలస్నానం చేసి బయటికి వచ్చేసరికి, బండికి చెరో వైపునా గోతం వేలాడుతోంది. నిండా కొబ్బరికాయలు. ఆయన బండి వెనక గొంతుక్కూర్చుని, కడియం మూడు దాటించి నాలుగో మెట్టుకి ఎక్కిస్తున్నారు.

మా కోనసీమ మగవాళ్ళకి ఖాళీ బండి నడపడమంటే అదేదో తప్పు చేసినట్టు. డాక్టరు దగ్గరికి వెళ్తున్నా ఒక గెల కట్టుకుపోతారు. కానీ ఇవాళా? ఈ పని మీదా?

"మీకు మతుండే చేస్తున్నారా? నాలుగు రోజులు నేను పడ్డ పాటు ఏవైపోవాలి? దింపండి ఆ కాయలు! మూడు పెట్టండి!"

"పెళ్ళింటికి కాయలు కావాలి కదా," అన్నారు.

"నాకు రేకులు కావాలి!"

నేనెంత అరిచినా ఆయన దింపలేదు. బయల్దేరే ముందు గొంతుక్కూర్చునే ఆ పాత అలవాటు తప్పిస్తే, నా కాపురంలో ఆయన నా మాట వినకపోవడం అదే మొదటిసారి. పానా తుడిచి, సంచిలో పెట్టి, నెమ్మదిగా అన్నారు. "కొలుచుకో కావాలంటే."

కోపంతోనే ఎక్కి కూర్చున్నాను. అత్తయ్యగారు టేపు పట్టారు. కాయల గోతాలు, డబ్బా, మేమిద్దరం, నాలుగో మెట్టు. రెండు వేళ్ళే దిగింది. క్రితం కొలతకి నూలుపోగంత తేడా లేదు. నాకు వాదించడానికి ఏమీ దొరకలేదు, అందుకని ఇంకా కోపం వచ్చింది.

"విరిగితే ఎన్ని మాటలైనా అను. పడతాను. ఇప్పుడు మాత్రం పోనియ్యి," అన్నారు.

లొల్ల దగ్గర పళ్ళు బిగించి కూర్చున్నాను. నాలుగు రోజులుగా నన్ను ఎగరేసిన గొయ్యి నాకు కంఠతా వచ్చు. బండి అందులోకి దిగింది, బరువుగా లేచింది, సాగిపోయింది. అంతే. గొయ్యి పూడ్చారేమోనని వెనక్కి తిరిగి చూశాను, అక్కడే ఉంది. రావులపాలెం, కొత్తపేట దాటాం. గోదావరి పాయ మీద కాలవనీ రోడ్డునీ మోసే గన్నవరం అక్విడెక్టు మీద, అతుకుల దగ్గర కూడా డబ్బా చప్పుడు చెయ్యలేదు. రోడ్డు బాగుచేసినట్టున్నారని నాకు నేనే చెప్పుకున్నాను. తాటిపాక వచ్చేసరికి ఆ మాట నాకే నమ్మబుద్ధి కాలేదు.

రాజోలులో వాళ్ళ వసారాలో డబ్బా దింపాం. స్నేహితురాలి అత్తగారు వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు. మా స్నేహితురాలు స్తంభం పక్కన చీర చెంగు వేలికి చుట్టుకుంటోంది. మూత తీశాను.

ఎలా పేర్చానో అలాగే ఉన్నాయి. దొంతర తర్వాత దొంతర తీసి ఆకుల మీద పెట్టాను. ఆరు వందల్లో విరిగినవి తొమ్మిది. అదనంగా తెచ్చిన రెండొందల జోలికి వెళ్ళనే లేదు. పెద్దావిడ ఒక రేకు తీసి వెలుతురుకి పట్టి చూశారు.

"ఆత్రేయపురం నుంచి బండి మీదేనామ్మా తెచ్చేరు?" అన్నారు.

"ఆయ్, బండి మీదేనండి."

ఆవిడ రేకుని మళ్ళీ దొంతర మీద పెట్టారు. లోపలికి వెళ్ళి నెయ్యి గిన్నె స్వయంగా తెచ్చి నా పక్కన పెట్టారు. మా స్నేహితురాలు నా భుజం మీద తల పెట్టి, "ఒసేయ్," అంది. పక్కపక్కన కూర్చుని మూడు గంటలపాటు చుట్టాం. సారె వెళ్ళాక ఉత్తరం రాసింది. నా రేకుల్ని అప్పడాలని వెక్కిరించిన మేనత్తగారు తన వాటా రెండూ తినేసి, పక్కింటికి ఇవ్వాల్సినవి కూడా తినేశారుట. ఆ ఉత్తరం ఇప్పటికీ నా దగ్గరుంది.

చుట్టడం అయ్యాక వసారా చివర ఆయన మంచినీళ్ళు తాగుతుంటే వెళ్ళి నిలదీశాను. "అసలెలా జరిగిందండీ ఇది?"

"ఖాళీ లారీ ఎగురుద్దా, లోడు లారీ ఎగురుద్దా?"

"ఖాళీదే."

"నీ డబ్బా ఇంతుంది గానీ అందులో బరువేముంది? రేకులన్నీ కలిపినా నాలుగు కాయలంత తూగవు. బండికి కింద బరువుండాలి. ఆ బరువుకి తగ్గ మెట్టుండాలి. అప్పుడు ఎగరదు."

"మరి నాలుగు రోజుల ముందే చెప్పొచ్చు కదా?"

ఆయన గ్లాసు బోర్లించి పెట్టారు. "నువ్వు అడిగేవా?"

అడగలేదు. చెప్పబోతే ఆపాను కూడా. ఆ మాట ఒప్పుకోవడానికి నాకిప్పుడు సిగ్గులేదు. అప్పుడు మాత్రం డబ్బా సర్దాలని లోపలికి వెళ్ళిపోయాను.

కాయలు పెళ్ళివారి కొట్టుగదిలో వేయించి, ఖాళీ డబ్బా కట్టుకుని బయల్దేరబోయాం. నేను చెప్పులేసుకుని గుమ్మం దిగాను. ఆయన బండి వెనక గొంతుక్కూర్చున్నారు, కొక్కెం పానా తీశారు. పొద్దు వాలిపోతోంది. అలవాటుగా నోరు తెరిచాను, "ఏవండీ, మళ్ళీ..." అని. కడియం టక్కుమంది. నాలుగు నుంచి మూడు. మళ్ళీ టక్కుమంది. రెండు. లేచి అటువైపు వెళ్ళి మళ్ళీ కూర్చున్నారు.

"ఇప్పుడెందుకండీ? రేకులు లేవుగా."

"కాయలు దింపేశాంగా. నాలుగు మీదుంటే నిన్ను ఎగరేసుద్ది. నీ నడుం ఉంటుందా?"

నేను గుమ్మం మెట్టు మీదే నిలబడిపోయాను. ఆ ఏడాదంతా బండి దిగితే నడుం పట్టేసి నిలబడలేకపోయేదాన్ని. కుండ ముందు కూర్చోవడం వల్లేనని అత్తయ్యగారి చేత ఆముదం రాయించుకునేదాన్ని. కడియాలు తుప్పుపట్టి తిరగనిది ఆ ఏడాదే. అంతకుముందు, సినిమాకీ పేరంటానికీ, నేను గడప దిగి సాధిస్తూ నిలబడినప్పుడల్లా...

"అయితే ఇదివరకంతా, బయల్దేరే ముందు అలా కూర్చునేది..."

"ఆయ్," అన్నారు. పానా తుడిచి సంచిలో పెట్టారు.

నాకు ఏడుపు వచ్చింది. వాళ్ళింటి ముందు ఏడిస్తే బాగుండదని చెంగు నోటికడ్డం పెట్టుకుని ఎక్కి కూర్చున్నాను. గన్నవరం దాటేదాకా మాట్లాడలేదు. ఆయన భయపడి, "ఒంట్లో బాలేదా?" అని రెండుసార్లు అడిగారు. బాగానే ఉందన్నాను. నడుం ఎక్కడా కదల్లేదు.

ఆ తర్వాత ఆ బండి మీద చాలా ఏళ్ళు రేకులు మోశాం, కింద కాయలు కట్టుకుని. కడియం తిప్పడం నాకూ బాగా వచ్చేసింది, కానీ మేమిద్దరం ఎక్కడికైనా బయల్దేరేటప్పుడు మాత్రం నేను పానా ముట్టుకోలేదు. చీర కట్టుకుని, గడప దిగి, ఆయన వెనకే నిలబడేదాన్ని. ఎంతసేపైనా సరే, ఆయన లేచేదాకా నోరెత్తేదాన్ని కాదు.